స్క్రిప్ట్ ఏ సిస్టమ్ మీద, ఎవరి పేరున నడుస్తోంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మన ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన స్క్రిప్ట్ పక్క టీమ్‌వాళ్ల మ్యాక్‌లో మొదటి లైనుకే ఆగిపోతుంది. అదే స్క్రిప్ట్‌ను సర్వర్‌లో, చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌కి అప్పగిస్తే మూగనోము పడుతుంది. ఈ పని చేసేవాళ్లందరికీ ఇది తెలిసిన బాధే. ఆపరేటింగ్ సిస్టమ్‌ను, యూజర్‌ను, చుట్టూ ఉన్న వాతావరణాన్ని స్క్రిప్ట్ సరిగ్గా గుర్తుపట్టడం గురించి ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి.

ఈ పేజీలో కమాండ్లు, వేరియబుళ్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాశాం. టైప్ చేసేటప్పుడు కమాండ్లను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనూ, ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లను పెద్ద అక్షరాల్లోనూ కొట్టండి.

స్క్రిప్ట్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ పేరు తెలియడం నిజంగా అవసరమా?

చాలాసార్లు అవసరం ఉండదు. మనకు నిజంగా కావాల్సింది "నెట్ నుంచి ఫైళ్లు తెచ్చే కర్ల్ ఇక్కడ ఉందా", "ఫైలులో మాటలు మార్చే ఈ సెడ్ నేనిచ్చిన ఆప్షన్ ఒప్పుకుంటుందా" అన్న ప్రశ్నలకు జవాబు. లైనక్స్ అయినంత మాత్రాన కర్ల్ ఉండాలని లేదు. డెబియన్ అనే లైనక్స్ రకం చిన్న ఇమేజ్‌లలో (మిగతా సిస్టమ్ నుంచి విడిగా నడిచే కంటైనర్ల కోసం సిద్ధం చేసిన మూటల్లో) అది ఉండదు. మ్యాక్ అయినంత మాత్రాన లైనక్స్‌లో మామూలుగా ఉండే గ్నూ సెడ్ ఉండదనీ లేదు, హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ మేనేజర్‌తో పెట్టుకున్నవాళ్లు బోలెడుమంది.

సెడ్ సంగతే తీసుకోండి. ఫైలులో ఒక మాట మార్చడానికి సెడ్ -ఐ వాడతాం. గ్నూ సెడ్‌లో -ఐ తర్వాత ఇంకేమీ ఇవ్వనక్కర్లేదు. మ్యాక్‌లో ఉండే బీఎస్‌డీ సెడ్ మాత్రం బ్యాకప్ ఫైలుకు ఏ తోక తగిలించాలో అడుగుతుంది. ఇవ్వకపోతే మీరు రాసిన మార్పు ఆదేశాన్నే తోకగా తీసుకుని, ఫైలు పేరును ఆదేశం అనుకుని, తలా తోకా లేని ఎర్రర్ పడేస్తుంది. సిస్టమ్‌ను కనిపెట్టి రెండు దారులు రాయవచ్చు. కానీ -ఐ కి ఆనించి, మధ్యలో ఖాళీ లేకుండా, .బ్యాక్ అని రాస్తే రెండు చోట్లా ఒకేలా నడుస్తుంది. చివర్లో ఆ బ్యాకప్‌ను చెరిపేస్తే సరి. కనిపెట్టే కోడ్ అవసరమే లేకుండా పోయింది.

కమాండ్ ఉందో లేదో చూడటానికి "కమాండ్ -వి" వాడండి. అది యూనిక్స్ సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లో ఉంది. "విచ్" ఆ ప్రమాణంలో లేదు, కొన్ని చిన్న ఇమేజ్‌లలో అసలు దొరకదు కూడా.

సిస్టమ్ పేరు తప్పనిసరయ్యే సందర్భాలూ ఉన్నాయి. ఏ బైనరీ డౌన్‌లోడ్ చేయాలో, ఏ ప్యాకేజీ మేనేజర్‌ను పిలవాలో, సర్వీసును లైనక్స్‌లోని సిస్టమ్‌డీకి అప్పగించాలో మ్యాక్‌లోని లాంచ్‌డీకి అప్పగించాలో తేల్చుకోవాల్సినప్పుడు అది కావాలి. మిగతా పేజీ ఆ సందర్భాల కోసమే.

షెల్ స్క్రిప్ట్‌లో లైనక్సా, మ్యాకా, విండోసా అని తెలుసుకునే నమ్మకమైన దారి ఏది?

యూనేమ్ -ఎస్. లైనక్స్‌లో "లినక్స్" అనీ, మ్యాక్‌లో "డార్విన్" అనీ, ఫ్రీబీఎస్‌డీలో దాని పేరే వస్తుంది. పోసిక్స్‌లో ఉన్న కమాండ్ కాబట్టి ఏ యూనిక్స్ కుటుంబంలోనైనా దొరుకుతుంది.

విండోస్‌లో గిట్ బాష్ (అక్కడ బాష్ షెల్ నడిపే టెర్మినల్) తెరిచి ఇదే కొడితే "మింగ్‌డబ్ల్యూ64_ఎన్‌టీ-10.0-" అని మొదలై, వెనకాల బిల్డ్ నంబరు వస్తుంది. సిగ్‌విన్‌లో "సిగ్‌విన్_ఎన్‌టీ" అని మొదలవుతుంది. చివరి నంబరు ప్రతి మెషీన్‌లోనూ వేరు. అందుకే ఇక్కడ "సమానమా" అని పోల్చేవాళ్లు పప్పులో కాలేస్తారు. కేస్ స్టేట్‌మెంట్‌లో మొదటి భాగం రాసి స్టార్ పెట్టండి.

బాష్‌లోని ఓఎస్‌టైప్ వేరియబుల్ కూడా పనికొస్తుంది గానీ, దాన్ని మొదటి దారిగా నేను ఒప్పుకోను. ఆ విలువ బాష్‌ను కంపైల్ చేసిననాడే దాంట్లో నిలిచిపోతుంది. పైగా డ్యాష్ లాంటి షెల్‌లో అది ఖాళీగా ఉంటుంది.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ వేసుకుని నేర్చుకునే విద్యార్థులను దృష్టిలో పెట్టుకోండి. అక్కడ యూనేమ్ -ఎస్ "లినక్స్" అనే చెబుతుంది, కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) అదే కాబట్టి. కానీ ఫోల్డర్ల అమరిక పూర్తిగా వేరు. యూనేమ్ -ఓ అడిగితే "ఆండ్రాయిడ్" అని వస్తుంది. ఈ -ఓ ఆప్షన్ అన్ని సిస్టమ్‌లలోనూ ఉండదు, కాబట్టి లినక్స్ అని తేలాకే అడగండి.

లైనక్స్ అని తెలిసింది. ఉబుంటునా, ఫెడోరానా, ఆల్పైనా అని ఎలా?

ఈటీసీ ఫోల్డరులోని ఓఎస్-రిలీజ్ ఫైలు చదవండి. 2012లో సిస్టమ్‌డీతోపాటు వచ్చిన ఈ ఫైలు ఇప్పుడు సిస్టమ్‌డీ లేని ఆల్పైన్‌లోనూ ఉంటుంది. ఈటీసీలో దొరక్కపోతే యూఎస్ఆర్ కింద లిబ్ ఫోల్డరులో వెతకాలి. ఎల్ఎస్‌బీ_రిలీజ్ కమాండ్ మీద ఆధారపడకండి, కంటైనర్లలో అది సాధారణంగా ఉండదు.

ఫైలులో ముఖ్యమైనవి మూడు. ఐడీ అనేది డిస్ట్రో (లైనక్స్ రకం) పేరు, ఐడీ_లైక్ అది ఏ కుటుంబానిది, వెర్షన్_ఐడీ అంకె. లైనక్స్ మింట్‌లో ఐడీ "లినక్స్‌మింట్", ఐడీ_లైక్ "ఉబుంటు డెబియన్". రాకీ లైనక్స్‌లో ఐడీ_లైక్ "ఆర్‌హెచ్‌ఈఎల్ సెంట్‌ఓఎస్ ఫెడోరా". మీకు కావాల్సింది ప్యాకేజీ మేనేజర్‌గా ఆప్ట్ వాడాలా, డీఎన్ఎఫ్ వాడాలా అన్నదే అయితే ఐడీని, దానితో కుదరకపోతే ఐడీ_లైక్‌లోని ఒక్కో మాటను చూడండి. పేరు పేరునా జాబితా రాస్తే కొత్త డిస్ట్రో వచ్చిన ప్రతిసారీ స్క్రిప్ట్ మార్చాలి. మన ప్రభుత్వ కంప్యూటింగ్ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లైనక్స్ డెబియన్ మీద కట్టిందే. ప్రభుత్వ కార్యాలయాల్లో నడిచే అవకాశమున్న స్క్రిప్ట్ "ఉబుంటు" అన్న ఒక్క పేరే వెతికితే అక్కడ చేతులెత్తేస్తుంది.

వెర్షన్_ఐడీ ఎప్పుడూ ఉంటుందనుకోవద్దు. ఆర్చ్ లైనక్స్‌కు వెర్షన్లే లేవు. డెబియన్ టెస్టింగ్‌లోనూ ఆ లైను కనిపించదు.

ఓఎస్-రిలీజ్‌ను సోర్స్ చేశాక నా స్క్రిప్ట్‌లోని వెర్షన్ నంబరు మారిపోయింది. ఎందుకు?

ఎంతోమందిని గంటల తరబడి తిప్పలు పెట్టిన సంగతి ఇది. ఆ ఫైలు షెల్ వేరియబుళ్ల రూపంలో ఉంటుంది కాబట్టి చుక్క పెట్టి లోపలికి లాక్కోవడం తేలిక. అయితే అందులో నేమ్, వెర్షన్ అనే మామూలు పేర్లున్నాయి. మీ స్క్రిప్ట్ పైన వెర్షన్ అంటే 2.1 అని పెట్టుకున్నారనుకోండి. ఉబుంటులో ఓఎస్-రిలీజ్‌ను సోర్స్ చేయగానే అది "22.04.4 ఎల్‌టీఎస్ (జామీ జెల్లీఫిష్)" అయిపోతుంది. ఆ తర్వాత డౌన్‌లోడ్ చిరునామాలో ఆ ముక్కంతా, ఖాళీలూ బ్రాకెట్లతో సహా, వెళ్లి కూర్చుంటుంది. సర్వర్ 404 ఇస్తుంది. మీరేమో నెట్‌వర్క్‌ను అనుమానిస్తారు.

విరుగుడు సులువు. సోర్స్ చేసే పనిని బ్రాకెట్ల మధ్య సబ్‌షెల్‌లో పెట్టి, అందులోంచి ఐడీ ఒక్కటే ఎకో చేసి, బయట మీ సొంత పేరున్న వేరియబుల్‌లోకి తీసుకోండి. లోపల ఏం మారినా బయటికి రాదు.

మ్యాక్ వెర్షన్ కోసం యూనేమ్ -ఆర్ చూస్తే 24 అని వస్తోంది. అలాంటి మ్యాక్ఓఎస్ లేదు కదా?

అది డార్విన్ కెర్నల్ వెర్షన్. డార్విన్ 20 అంటే బిగ్ సర్, అంటే మ్యాక్ఓఎస్ 11. అక్కణ్ణుంచి ఒక్కొక్కటే పెరిగి డార్విన్ 24 మ్యాక్ఓఎస్ 15 అయింది. 2025లో ఆపిల్ నంబర్ల వరస మార్చి నేరుగా 26కి దూకింది. దాని కెర్నల్ మాత్రం డార్విన్ 25. కాబట్టి "తొమ్మిది తీసేస్తే చాలు" అని లెక్క కట్టిన స్క్రిప్టులన్నీ అక్కడ తప్పుతాయి. నేరుగా ఎస్‌డబ్ల్యూ_వెర్స్ -ప్రొడక్ట్‌వెర్షన్ అడగండి.

2020లో 10.15 నుంచి 11కి మారినప్పుడు ఇంకో చిక్కొచ్చింది. పాత ఎస్‌డీకే (ప్రోగ్రాములు కట్టే సామగ్రి)తో కట్టిన ప్రోగ్రాములకు సిస్టమ్ తన వెర్షన్‌ను 10.16 అని చెప్పుకుంది, అవి బెదిరిపోకుండా ఉండాలని. ఎక్కడైనా 10.16 కనిపిస్తే అది 11 గానీ, ఇంకా కొత్తది గానీ అయి ఉంటుంది.

మ్యాక్ అనగానే గుర్తుంచుకోవాల్సింది బాష్ సంగతి. లైసెన్సు కారణంగా ఆపిల్ బాష్‌ను 3.2 దగ్గరే ఆపేసింది, 2019లో కాటలీనాతో జెడ్‌షెల్‌ను డిఫాల్ట్ చేసింది. అసోసియేటివ్ అర్రేలు బాష్ 4తో వచ్చాయి కాబట్టి అక్కడ పనిచేయవు. మీ స్క్రిప్ట్‌కు అవి తప్పనిసరైతే ఓఎస్‌ను కాదు, బాష్ వెర్షన్‌ను చెక్ చేయండి.

విండోస్ 10, 11 తేడా ఎలా పట్టుకోవాలి?

బిల్డ్ నంబరుతో. రెండింటి వెర్షన్ 10.0 అనే మొదలవుతుంది. బిల్డ్ 22000 లేదా అంతకంటే ఎక్కువైతే, సర్వర్ ఎడిషన్ కానంతవరకు, విండోస్ 11. రిజిస్ట్రీలో ప్రొడక్ట్‌నేమ్ చూసి నిర్ణయించొద్దు, విండోస్ 11లో కూడా అక్కడ "విండోస్ 10" అనే కనిపిస్తుంది. పక్కనే ఉన్న కరెంట్‌బిల్డ్‌నంబర్ నిజం చెబుతుంది.

పాత బ్యాచ్ ఫైళ్లలో సిస్టమ్ వివరాలు అడిగే డబ్ల్యూఎంఐసీ కమాండ్ వాడకం ఎక్కువ. మైక్రోసాఫ్ట్ దాన్ని వదిలేసింది, కొత్త విండోస్ 11 లో అది డిఫాల్ట్‌గా రాదు. పవర్‌షెల్‌లో గెట్-సిమ్‌ఇన్‌స్టెన్స్‌తో విన్32_ఆపరేటింగ్‌సిస్టమ్ అడిగితే పేరు, బిల్డ్, ఆర్కిటెక్చర్ అన్నీ ఒకేచోట వస్తాయి.

పవర్‌షెల్‌లో ఈజ్‌విండోస్ వేరియబుల్ ఉంది కదా, అది చాలదా?

పవర్‌షెల్ 6 నుంచి మాత్రమే ఉంది. విండోస్‌తోపాటు వచ్చే పాత 5.1లో అది లేనే లేదు. లేని వేరియబుల్‌ను పవర్‌షెల్ ఖాళీగా చూస్తుంది కాబట్టి "విండోస్ కాకపోతే" అన్న షరతు నిజమైపోయి, అచ్చమైన విండోస్ మెషీన్‌లో మీ లైనక్స్ కోడ్ నడుస్తుంది. ముందు పీఎస్‌వెర్షన్‌టేబుల్‌లో పీఎస్‌ఎడిషన్ చూడండి. "డెస్క్‌టాప్" అయితే అది విండోసే, ఇంకేమీ అడగక్కర్లేదు.

విండోస్ లోపల లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లో ఉన్నామని ఎలా తెలుస్తుంది?

యూనేమ్ -ఎస్ "లినక్స్" అంటుంది, ఓఎస్-రిలీజ్ "ఉబుంటు" అంటుంది. రెండూ నిజమే. కింద విండోస్ ఉందని తెలియాలంటే కెర్నల్ పేరు చూడాలి. ప్రాక్ కింద ఉండే వెర్షన్ ఫైలులో "మైక్రోసాఫ్ట్" అన్న మాట ఉంటుంది. డబ్ల్యూఎస్‌ఎల్ 1లో దాని మొదటి అక్షరం పెద్దది, 2లో చిన్నది. అందుకని గ్రెప్‌కు -ఐ ఇచ్చి వెతకండి. డబ్ల్యూఎస్‌ఎల్_డిస్ట్రో_నేమ్ వేరియబుల్ కూడా ఉంటుంది గానీ సుడోతో (అన్ని అధికారాలున్న రూట్ యూజర్‌గా) నడిపితే అది జారిపోతుంది.

ఇక్కడొక మెలిక ఉంది. విండోస్‌లో డాకర్ డెస్క్‌టాప్ డబ్ల్యూఎస్‌ఎల్ 2 కెర్నల్ మీదే కంటైనర్లు నడుపుతుంది. కంటైనర్‌కు సొంత కెర్నల్ ఉండదు కాబట్టి లోపలి స్క్రిప్ట్‌కు కూడా "మైక్రోసాఫ్ట్" అని కనబడుతుంది. ఆ స్క్రిప్ట్ తాను డబ్ల్యూఎస్‌ఎల్‌లో ఉన్నాననుకుని సీ డ్రైవ్ కోసం వెతికితే ఏమీ దొరకదు. అందుకే కంటైనరా కాదా అన్నది ముందు తేల్చి, తర్వాతే డబ్ల్యూఎస్‌ఎల్ సంగతి అడగండి. మీకు కావాల్సింది విండోస్ ప్రోగ్రామును పిలవగలగడమే అయితే, కమాండ్ -వి తో పవర్‌షెల్.ఈఎక్స్‌ఈ దొరుకుతోందేమో చూడటం ఇంకా సూటి.

కంటైనర్‌లో ఉన్నామా అన్నది ఎలా?

డాకర్ అయితే రూట్ ఫోల్డరులో .డాకర్‌ఎన్వ్ అనే ఖాళీ ఫైలు, పాడ్‌మ్యాన్ అయితే రన్ కింద .కంటైనర్‌ఎన్వ్, కుబర్నెటిస్ అయితే కుబర్నెటిస్_సర్వీస్_హోస్ట్ వేరియబుల్. సిస్టమ్‌డీ ఉన్నచోట సిస్టమ్‌డీ-డిటెక్ట్-విర్ట్ కమాండ్ డాకర్, పాడ్‌మ్యాన్‌లను తనే చూసుకుంటుంది. వన్ నంబరు ప్రాసెస్ తాలూకు సీగ్రూప్ (మెమరీ లాంటి వనరులకు హద్దులు పెట్టే కెర్నల్ ఏర్పాటు) ఫైలులో "డాకర్" అన్న మాట వెతికే పాత చిట్కా సీగ్రూప్ వెర్షన్ 2 వచ్చాక పనిచేయడం మానేసింది. అక్కడిప్పుడు మామూలుగా "0::/" తప్ప ఏమీ ఉండదు.

చాలామందికి ఈ ప్రశ్న వెనక ఉన్న అసలు అవసరం మెమరీ. కంటైనర్‌లో ఫ్రీ కమాండ్ కొడితే కనబడేది హోస్ట్ మెషీన్ మొత్తం మెమరీ. దాన్ని నమ్మి కేటాయింపులు చేసుకున్న ప్రోగ్రామును కెర్నల్ నిర్దాక్షిణ్యంగా చంపేస్తుంది. సీగ్రూప్ ఫోల్డరులోని మెమరీ.మ్యాక్స్ ఫైలు చదివితే మీకిచ్చిన అసలు హద్దు తెలుస్తుంది. జావా ఈ హద్దును తనంతట తాను గౌరవించడం సీగ్రూప్ వెర్షన్ 1లో జావా 10 నుంచి, పాత వరుసలో 8యూ191 నుంచి మొదలైంది; వెర్షన్ 2లో జావా 15 నుంచి, పాత వరుసలో 8యూ372 నుంచి.

ప్రాసెసర్ రకం కోసం యూనేమ్ -ఎమ్ చాలా?

ఒకే చిప్‌కు పేర్లు వేర్వేరు. 64 బిట్ ఆర్మ్‌ను లైనక్స్ "ఏఆర్చ్64" అంటుంది, మ్యాక్ "ఆర్మ్64" అంటుంది. ఇంటెల్ వైపు లైనక్స్, మ్యాక్ "ఎక్స్86_64" అంటే విండోస్ "ఏఎండీ64" అంటుంది, లోపల ఉన్నది ఇంటెల్ చిప్ అయినా సరే. ముందే ఒక చిన్న ఫంక్షన్‌లో వీటన్నిటినీ మీ సొంత పేర్లలోకి మార్చేసుకోండి.

మోసపోయే చోట్లు మూడున్నాయి. ఆపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లో టెర్మినల్, ఇంటెల్ ప్రోగ్రాములను నడిపే రోసెట్టా కింద నడుస్తుంటే యూనేమ్ "ఎక్స్86_64" అంటుంది. అప్పుడు సిస్‌సీటీఎల్‌ను సిస్‌సీటీఎల్.ప్రాక్_ట్రాన్స్‌లేటెడ్ అడిగితే 1 వస్తుంది. రాస్ప్‌బెరీ పైలో కెర్నల్ 64 బిట్, మిగతా సిస్టమంతా 32 బిట్ ఉండటం మామూలే. అక్కడ డీప్యాకేజ్‌ను ప్రింట్-ఆర్కిటెక్చర్ అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రాములోంచి చూస్తే ప్రాసెసర్_ఆర్కిటెక్చర్ "ఎక్స్86" అంటుంది, నిజం ప్రాసెసర్_ఆర్కిటెడబ్ల్యూ6432లో ఉంటుంది.

పైథాన్‌లో మూడు నాలుగు దారులున్నాయి. ఏది వాడాలి?

కోడ్‌లో దారి మార్చడానికి సిస్.ప్లాట్‌ఫామ్, మనుషులకు చూపించడానికి ప్లాట్‌ఫామ్ మాడ్యూల్. సిస్.ప్లాట్‌ఫామ్ విలువలు "లినక్స్", "డార్విన్", "విన్32". 64 బిట్ విండోస్‌లోనూ "విన్32" అనే ఉంటుంది, కంగారు పడొద్దు. ఆండ్రాయిడ్‌కు 3.13 నుంచి విడిగా "ఆండ్రాయిడ్" అని వస్తోంది.

ఒక్క జాగ్రత్త. ప్లాట్‌ఫామ్ పేరులో "విన్" ఉందా అని వెతికే కోడ్ ఇప్పటికీ ఎన్నో ప్రాజెక్టుల్లో కనబడుతుంది. "డార్విన్" చివర్లోనూ "విన్" ఉంది. ఆ కోడ్ మ్యాక్‌ను విండోస్ అనుకుంటుంది. స్టార్ట్స్‌విత్ వాడండి. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో ప్రాసెస్.ప్లాట్‌ఫామ్ కూడా ఇవే పేర్లిస్తుంది కాబట్టి అక్కడా ఇదే జాగ్రత్త.

డిస్ట్రో కోసం ఒకప్పుడు ప్లాట్‌ఫామ్.లినక్స్_డిస్ట్రిబ్యూషన్ ఉండేది, 3.8లో తీసేశారు. 3.10 నుంచి ప్లాట్‌ఫామ్.ఫ్రీడెస్క్‌టాప్_ఓఎస్_రిలీజ్ ఉంది. పైన చెప్పిన ఫైలునే చదివి డిక్షనరీగా ఇస్తుంది.

ఏ షెల్‌లో ఉన్నానో షెల్ వేరియబుల్ చెబుతుంది కదా?

చెప్పదు. అది మీ లాగిన్ షెల్ పేరు. జెడ్‌షెల్ వాడేవాళ్లు బాష్ స్క్రిప్ట్ నడిపినా అందులో జెడ్‌షెల్ అనే ఉంటుంది. బాష్_వెర్షన్ నిండి ఉంటే బాష్, జెడ్‌ఎస్‌హెచ్_వెర్షన్ నిండి ఉంటే జెడ్‌షెల్. ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే 2006 నుంచీ డ్యాషే.

యూజర్ వేరియబుల్‌ను నమ్మొచ్చా?

నమ్మొద్దు. కంటైనర్లలో అది తరచుగా ఖాళీగా ఉంటుంది, ఎవరైనా మార్చేయవచ్చు కూడా. ఐడీ -యూఎన్ కెర్నల్‌ను యూజర్ నంబరు అడిగి, దానికి తగిన పేరు చెబుతుంది. రూట్‌గా ఉన్నామా అన్నదానికి ఐడీ -యూ సున్నానా అని చూడండి. పేరు "రూట్" అని పోల్చడం కంటే అది గట్టిది.

సుడోతో నడిపినప్పుడు ప్రశ్న రెండవుతుంది: ఇప్పుడు ఎవరి అధికారంతో నడుస్తోంది, కూర్చుని టైప్ చేసినవారు ఎవరు? రెండోది సుడో_యూజర్‌లో ఉంటుంది. హోమ్ మాత్రం డిస్ట్రోను, సెట్టింగులను బట్టి మారుతుంది. ఉబుంటులో 19.10కి ముందు సుడో కింద కూడా హోమ్ మీదే ఉండేది, తర్వాత రూట్‌ది అయింది. ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ యూజర్ హోమ్‌లో సెట్టింగ్ ఫైలు పెట్టాల్సి ఉంటే, గెట్‌ఎంట్ పాస్‌డబ్ల్యూడీకి సుడో_యూజర్ ఇచ్చి ఆరో గడి తీసుకోండి. ఫైలు సృష్టించాక దాని యజమానిని ఆ యూజర్‌గా మార్చడం మరవొద్దు. లేకపోతే పాపం ఆ మనిషి తన ఫైలును తానే మార్చుకోలేక అవస్థ పడతాడు.

పైథాన్‌లో ఓఎస్.గెట్‌లాగిన్ టెర్మినల్ లేనిచోట ఎర్రర్ ఇస్తుంది. గెట్‌పాస్.గెట్‌యూజర్ ముందు వేరియబుళ్లు చూసి, లేకపోతే యూజర్ ఐడీ నుంచి పేరు వెతుకుతుంది.

చేత్తో నడిపితే నడుస్తుంది, క్రాన్‌లో నడవదు. ఏం చేయాలి?

ఊహించడం మానేసి రెండు వాతావరణాలను పక్కపక్కన పెట్టండి. క్రాన్‌లో ఒక నిమిషానికి ఒకసారి ఎన్వ్ కమాండ్ అవుట్‌పుట్‌ను ఒక ఫైలులోకి పంపే లైను పెట్టి, ఫైలు రాగానే ఆ లైను తీసేయండి. మీ టెర్మినల్‌లోనూ ఎన్వ్ కొట్టి ఇంకో ఫైలులో దాచి, రెండింటినీ సార్ట్ చేసి డిఫ్ చూడండి. డెబియన్ కుటుంబంలో క్రాన్ ఇచ్చే పాత్‌లో యూఎస్ఆర్ బిన్, బిన్ తప్ప ఏమీ ఉండవు. మీరు యూఎస్ఆర్ లోకల్ కింద పెట్టుకున్న ప్రోగ్రాములు, ఎన్‌వీఎమ్‌తో వేసిన నోడ్, పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఏవీ దానికి కనబడవు. షెల్ కూడా బాష్ కాదు, ఎస్‌హెచ్. బాష్‌ఆర్‌సీ చదవదు. స్క్రిప్ట్ మొదట్లో పాత్‌ను మీరే రాసుకోవడం, ఫైళ్లకు పూర్తి దారి ఇవ్వడం తప్ప దీనికి దగ్గరిదారి లేదు.

ఎదురుగా మనిషి ఉన్నాడా, ఆటోమేటిక్‌గా నడుస్తోందా?

టెస్ట్ -టీ 0 అంటే ఇన్‌పుట్ టెర్మినల్ నుంచేనా, టెస్ట్ -టీ 1 అంటే అవుట్‌పుట్ టెర్మినల్‌కేనా అని. ప్రశ్న అడిగే ముందు 0 చూడండి, రంగులు వేసే ముందు 1 చూడండి. రెండూ వేర్వేరు. అవుట్‌పుట్‌ను ఫైలులోకి పంపిన మనిషి ఎదురుగానే ఉండొచ్చు. కోడ్‌ను ఆటోమేటిక్‌గా నడిపి పరీక్షించే గిట్‌హబ్ యాక్షన్స్, గిట్‌ల్యాబ్ రెండూ సీఐ అనే వేరియబుల్ పెడతాయి. నో_కలర్ వేరియబుల్ ఉంటే రంగులు మానేయండి, అది యూజర్ స్పష్టంగా కోరుకున్నది.

తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా వస్తున్నాయి. ఇది కూడా వాతావరణం సమస్యేనా?

అవును, తెలుగులో పనిచేసే స్క్రిప్టులకు ఇదే అన్నిటికన్నా పెద్ద సమస్య.

లైనక్స్‌లో చూసే వరస ఎల్‌సీ_ఆల్, తర్వాత ఎల్‌సీ_సీటైప్, చివర లాంగ్. చాలా స్క్రిప్టులు లాంగ్ విలువ చివర "యూటీఎఫ్-8" ఉందా అని చూసి నిర్ణయిస్తాయి. అమెరికా ఇంగ్లీషుకు అది కుదురుతుంది. తెలుగుకు కుదరదు. లైనక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో తెలుగు లొకేల్ (భాష, ప్రాంతాల సెట్టింగు) పేరు ఒట్టి "టీఈ_ఐఎన్", తోక లేకపోయినా దాని ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 మాత్రమే. అంటే తెలుగు డెస్క్‌టాప్ పెట్టుకున్న యూజర్‌కే ఆ స్క్రిప్ట్ తెలుగు చూపించనంటుంది. తోక వెతకడం మాని లొకేల్ చార్‌మ్యాప్ కమాండ్‌ను అడగండి. కంటైనర్లలో లాంగ్ సాధారణంగా ఖాళీ. అక్కడ సీ.యూటీఎఫ్-8 పెడితే పనవుతుంది.

విండోస్‌లో ఇంకో లోతు ఉంది. పాత పద్ధతిలో భాషకొక ఆన్సీ కోడ్ పేజీ (అక్షరాల పట్టిక) ఉండేది. తెలుగుకు అలాంటిది ఎన్నడూ లేదు, మొదటినుంచీ యూనికోడ్ మాత్రమే. కాబట్టి ఆన్సీ దారిలో వెళ్లే ఏ పాత ప్రోగ్రామైనా తెలుగు పేరున్న ఫోల్డరును చూడలేదు. యూజర్ ఫోల్డర్ పేరు తెలుగులో ఉన్న మెషీన్‌లో మీ స్క్రిప్ట్‌ను ఒకసారి పరీక్షించండి. బ్యాచ్ ఫైలు మొదట్లో సీహెచ్‌సీపీ 65001, పైథాన్‌కు పైథాన్‌యూటీఎఫ్8 అంటే 1, ఫైలు తెరిచే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ స్పష్టంగా రాయడం. ఈ మూడూ పాటిస్తే చాలావరకు గట్టెక్కుతారు.

పొడవు లెక్కలు కూడా చూసుకోండి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కు (యూనికోడ్ నంబరున్న ఒక్కో ముక్కకు) 3 బైట్లు. "స్త్రీ" కంటికి ఒక్కటే అక్షరం, లోపల ఆరు కోడ్‌పాయింట్లు, 18 బైట్లు. బైట్లు లెక్కపెట్టి కత్తిరించే స్క్రిప్ట్ దాన్ని మధ్యలో తెగ్గొడుతుంది.

టైమ్‌జోన్‌ను ఎలా తెలుసుకోవాలి?

ముందు టీజెడ్ వేరియబుల్, లేకపోతే ఈటీసీలోని లోకల్‌టైమ్ లింక్ ఎటు చూపిస్తోందో చూడండి. డేట్ ఇచ్చే "ఐఎస్‌టీ" అన్న పొట్టి పేరు మీద ఏదీ ఆధారపడనివ్వొద్దు, ఇజ్రాయెల్‌కూ ఐర్లండ్‌కూ అదే పొట్టి పేరు. ఆసియా/కోల్‌కతా అని పోల్చేటప్పుడు పాత పేరు ఆసియా/కలకత్తాను కూడా ఒప్పుకోండి, క్రోమ్‌లోనూ నోడ్‌లోనూ చాలాకాలంగా అదే వస్తోంది. క్లౌడ్ సర్వర్లు ఎక్కువగా యూటీసీలో ఉంటాయి కాబట్టి రాత్రి 12కి పెట్టిన రిపోర్టు హైదరాబాద్‌లో తెల్లవారుజాము 5:30కి వస్తుంది. తేడాను పూర్తి గంటల్లో దాచుకునే కోడ్ ఆ అరగంటను మింగేస్తుంది.

డెస్క్‌టాప్ ఉందా లేదా?

లైనక్స్‌లో వేలాండ్_డిస్‌ప్లే గానీ డిస్‌ప్లే గానీ నిండి ఉండాలి. ఎక్స్‌డీజీ_కరెంట్_డెస్క్‌టాప్ "ఉబుంటు:గ్నోమ్" లాగా కోలన్‌తో రావచ్చు, విడగొట్టి చూడండి. ఎస్‌ఎస్‌హెచ్_కనెక్షన్ ఉంటే దూరం నుంచి వచ్చారని అర్థం. అప్పుడు బ్రౌజర్ తెరవబోకుండా లింకును తెరమీద ప్రింట్ చేయండి.

సమస్య వస్తే చూసుకోవడానికి ఎన్విరాన్‌మెంట్ మొత్తాన్ని లాగ్‌లో రాయొచ్చా?

వద్దు. అందులో డేటాబేస్ పాస్‌వర్డులు, క్లౌడ్ కీలు, టోకెన్లు ఉంటాయి. లాగ్ ఒకసారి బయటికి పోయిందంటే వెనక్కి తీసుకోలేం. మీకు కావాల్సిన పది పేర్లు ముందే రాసుకుని వాటినే ప్రింట్ చేయండి: యూనేమ్ వివరాలు, డిస్ట్రో ఐడీ, ఆర్కిటెక్చర్, షెల్ వెర్షన్, లొకేల్, టైమ్‌జోన్, పాత్ లాంటివి. యూజర్ పేరు, హోస్ట్ పేరు కూడా మనుషుల వివరాలే. అవసరం లేకపోతే వదిలేయండి.

ఎంత చూసినా సిస్టమ్ ఏదో తేలకపోతే స్క్రిప్ట్ ఏం చేయాలి?

ఆగిపోవాలి. "తెలియలేదు కాబట్టి లైనక్స్ అనుకుందాం" అని ముందుకెళ్లి తప్పు చోట ఫైళ్లు పెట్టే స్క్రిప్ట్ కంటే, మర్యాదగా ఆగే స్క్రిప్ట్ యూజర్‌కు మేలు చేస్తుంది. కేస్ చివర్లో స్టార్ గడి తప్పకుండా ఉంచి, అందులో యూనేమ్ ఏం చెప్పిందో ఉన్నదున్నట్టు చూపించి, ఎర్రర్ అవుట్‌పుట్‌కు పంపి, సున్నా కాని కోడ్‌తో బయటికి రండి. దానితోపాటు యూజర్ తనే సిస్టమ్ పేరు చెప్పగలిగేలా ఒక వేరియబుల్ గానీ ఆప్షన్ గానీ పెట్టండి. ఆ విలువ ఇచ్చి ఉంటే కనిపెట్టే కోడ్ జోలికే వెళ్లకుండా దాన్నే తీసుకోవాలి. మీ దగ్గర మ్యాక్ లేకపోయినా డార్విన్ దారిలో స్క్రిప్ట్ ఏ ఫైలు డౌన్‌లోడ్ చేయబోతోందో చూసుకోవడానికి కూడా ఆ ఆప్షనే పనికొస్తుంది.